ముద్దుపేరు

తెలుగువారి ఇళ్లలో చాలామంది పిల్లలకు రెండు పేర్లు ఉంటాయి. ఒకటి నామకరణం నాడు పెద్దలు పదిమంది ఎదుట పెట్టే పేరు. బడిలో హాజరుపట్టీలోకీ, ధ్రువపత్రాలలోకీ ఎక్కేది అదే. రెండవది ముహూర్తం చూసి పెట్టేది కాదు. బిడ్డను ఎత్తుకొని ఆడించే వేళ ఇంటివారి నోట తనంత తానే పుడుతుంది. అదే ముద్దుపేరు. చిన్ని, చిట్టి, చంటి, పండు, నాని, అమ్ములు వంటివి ఇలా పుట్టినవే. వీటన్నిటిలో బుజ్జి అన్న పేరు వినని తెలుగువారు అరుదు.

బుజ్జి అంటే చిన్నది, ముద్దుగా ఉండేది అని అర్థం. 'చిన్న' అనే మాట పరిమాణాన్ని మాత్రమే చెబుతుంది. చిన్న గది అంటాము, చిన్న తప్పు అంటాము. బుజ్జి తప్పు అని మాత్రం అనము. బుజ్జి మేక, బుజ్జి చేతులు, బుజ్జి గిన్నె అన్నప్పుడు ఆ వస్తువు ఎంత ఉన్నదో తెలియడమే కాక, చూసేవారికి దానిమీద గల ఇష్టం కూడా తెలుస్తుంది. కొలతనూ మమతనూ ఒక్కచోట చేర్చిన మాట ఇది. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ఇదే పేరు చెల్లుతుంది. బుజ్జమ్మ, బుజ్జిబాబు, బుజ్జులు, బుజ్జాయి అని ఎన్నో విధాలుగా మారుతుంది. కూతురిని 'బుజ్జితల్లీ' అనీ, కొడుకును 'బుజ్జినాన్నా' అనీ పిలవడంలో మరొక విశేషం ఉంది. తాము కన్న బిడ్డలనే తల్లిగా, తండ్రిగా భావించి పిలవడం తెలుగు పలుకుబడిలోని అందం.

ఈ పేరు పలకడం కూడా సులభం. మొదటి అక్షరం పెదవులతో పలికే 'బ'. పసిపిల్లలకు ముందుగా పట్టుబడేవి ఇటువంటి ధ్వనులే. తరువాతిది ద్విత్వాక్షరం. చిట్టి, చిన్ని, బుల్లి, బుజ్జి అన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. ఛందస్సు ప్రకారం ఇవన్నీ ఒక గురువు, ఒక లఘువు గల మాటలు. దూరాన ఆడుకొంటున్న బిడ్డను కేక వేసినప్పుడు చివరి అచ్చు దీర్ఘమై 'బుజ్జీ' అవుతుంది. వీధి చివరిదాకా వినిపించడానికి ఇంతకన్న అనువైన పిలుపు దొరకదు.

ముద్దుపేర్లు ఇంతగా వ్యాపించడానికి ఒక ఆచారం కూడా తోడ్పడింది. తాత పేరు మనుమడికీ, నాయనమ్మ పేరు మనుమరాలికీ పెట్టడం చాలా కుటుంబాలలో ఉన్నది. కోడలు అత్తమామల పేర్లను నోట పలకరాదన్న కట్టుబాటు కూడా పూర్వం ఉండేది. మరి అల్లరి చేసిన కొడుకును మామగారి పేరుతో మందలించడం ఎలా? ఈ చిక్కును ముద్దుపేరు తీర్చింది. పెద్దల పేరుకు గౌరవం దక్కింది, పిల్లవాడికి తనదైన పిలుపు దొరికింది.

చిన్ననాటి పేరు చిన్నతనంతోనే పోదు. బుజ్జి పెరిగి పెద్దయితే బుజ్జి బాబాయి, బుజ్జి అత్తయ్య అవుతారు. ఒక్కొక్కప్పుడు ఆ పేరు ఇల్లు దాటి లోకానికి కూడా పరిచయమవుతుంది. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి (1931-2022) 'బుజ్జాయి' పేరుతోనే పిల్లల కోసం బొమ్మల కథలు గీసి ప్రసిద్ధి పొందారు. 2024లో విడుదలైన 'కల్కి 2898 ఏడీ' చలనచిత్రంలో కథానాయకుడి వాహనం పేరు కూడా బుజ్జియే. అంత పెద్ద యంత్రానికి అంత చిన్న పేరు పెట్టడంలోని చమత్కారం తెలుగువారికి వివరించనక్కరలేదు.

తెలుగునాడు వెలుపల స్థిరపడిన కుటుంబాలకు ఈ పేరు మరింత విలువైనది. యానాంలో ఇంటా బయటా తెలుగే వినిపిస్తుంది. హోసూరు, బళ్లారి, షోలాపూరు, బరంపురం వంటి చోట్ల అలా కాదు. అక్కడి పిల్లలు గడప దాటగానే మరొక భాష పలకరిస్తుంది. ఆ భాషలలోనూ ముద్దుపేర్లు ఉన్నాయి. కన్నడిగులు పుట్ట, పుట్టి అనీ, తమిళులు కుట్టి అనీ, మరాఠీలు బాళ అనీ, ఒడియావారు కునా, కుని అనీ తమ పిల్లలను పిలుచుకొంటారు. అవీ మమతతో పుట్టిన మాటలే. వాటి నడుమ 'బుజ్జి' అన్న పిలుపు వినబడితే ఆ ఇల్లు తెలుగువారిదని తెలిసిపోతుంది. తమ పిల్లల ముద్దుపేర్లను ఆ పొరుగువారెవరూ దాచుకోవడం లేదు. తెలుగువారు మాత్రం దాచుకోవడం ఎందుకు?

ఈ ప్రశ్నకు కారణం లేకపోలేదు. కొన్ని ఇళ్లలో బుజ్జి, చిట్టి పోయి స్వీటీ, బేబీ వచ్చాయి. నలుగురిలో తల్లి 'బుజ్జీ' అని పిలిస్తే సిగ్గుపడే పిల్లలూ ఉన్నారు. ముద్దుపేరు మనిషిని ఎప్పటికీ చిన్నవాడిగానే నిలుపుతుందని వాదించేవారు ఉన్నారు. ఆ వాదంలో కొంత నిజం ఉంది. బడిలో, కొలువులో అసలు పేరుతో పిలవడమే మర్యాద. తోటివాడి ముద్దుపేరు పట్టుకొని పదిమందిలో ఆటపట్టించడం తప్పు. నల్లోడు, కుంటోడు, బండోడు అంటూ రూపాన్నీ లోపాన్నీ ఎత్తిచూపేవి అసలు ముద్దుపేర్లే కావు. పిలుపించుకొనేవారికి ఇష్టమైతేనే అది ముద్దుపేరు.

అయినా ఇంట్లో దానిని వదులుకోవలసిన పని లేదు. భాష పుస్తకాలతో మాత్రమే నిలవదు, పిలుపులతో కూడా నిలుస్తుంది. వ్యాకరణం నేర్వకముందే, అక్షరం దిద్దకముందే బిడ్డ చెవిన పడే తెలుగు మాటలలో ముద్దుపేరు ఒకటి. దానిని పెట్టడానికి పైసా ఖర్చు లేదు, నేర్పడానికి గురువు అక్కరలేదు. మరే తెలుగూ వినిపించని ఊరిలో కూడా, తల్లి నోట ఆ పిలుపు ఉన్నంతవరకు ఆ ఇంట తెలుగు కొంతైనా మిగిలి ఉన్నట్లే.