దారి మీద పడాల్సిన వెలుగు

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటిన పావుగంటకు కారు కుడి హెడ్‌లైటు ఆరిపోయింది. ఉన్నట్టుండి కుడివైపు దారంతా చీకటి కమ్మేసింది. ముందు వెళ్తున్న లారీ వెనకే నిదానంగా నడిపి, కోదాడ దగ్గర పెట్రోలు బంకులో ఆపి బల్బు ఊడదీశాను. గాజు లోపలి గోడకు బూడిదరంగు మసక పట్టింది. ఫిలమెంటు సరిగ్గా మధ్యలో తెగి, తెగిన కొన దగ్గర కరిగి గట్టిపడిన చిన్న పూస కనిపించింది. ఆ జత వేయించి ఏడు నెలలు కూడా కాలేదు. పండుగ వెళ్లిన మూడోరోజుకు ఎడమది కూడా పోయింది. అంతకుముందు కారుతో వచ్చిన మామూలు బల్బులు నాలుగేళ్లు వెలిగాయి.

నేను కొన్న డబ్బా మీద ‘150 శాతం వరకు అధిక వెలుతురు’ అని పెద్ద అక్షరాలున్నాయి. దేనికంటే అధికమో చిన్న అక్షరాల్లో ఉంది. చట్టం అడిగే కనీస స్థాయి కంటే అట! అంటే ఆ పోలిక నా పాత బల్బుతో కాదు. రాత్రి ప్రయాణం చేసే ప్రతివారికీ ఈ తేడా తెలియాలి. ఎందుకంటే ఎక్కువ వెలుగు ఊరికే రాదు. దాని ఖరీదు కొంత బల్బు ఆయుష్షులోంచి పోతుంది. ఏమరితే మిగతాది ఎదురొచ్చేవాడి కళ్ల మీద పడుతుంది.

మన కార్లలో బాగా కనిపించే హెచ్4 బల్బునే తీసుకుందాం. హై బీమ్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. ఐక్యరాజ్యసమితి 37వ నిబంధన ప్రకారం 13.2 వోల్టుల దగ్గర అది ఇవ్వాల్సిన వెలుతురు 1,650, 1,000 ల్యూమెన్లు. అటూ ఇటూ 15 శాతం దాకా తేడా ఉండవచ్చు. ఆ ప్రమాణానికి కట్టుబడిన బల్బు మామూలుదైనా, ఖరీదైనదైనా ఈ హద్దు దాటకూడదు. కాబట్టి మొత్తం వెలుతురు రెండింతలు కావడమన్నది జరగదు. మంచి కంపెనీలు చేసేది వేరు. ఫిలమెంటును మరింత బిగుతుగా, చిన్నదిగా చుట్టి, గాజులో జెనాన్ వాయువు నింపి, ఎక్కువ వేడి మీద వెలిగిస్తాయి. వెలుగు పుట్టే చోటు చిన్నదైతే రిఫ్లెక్టరు దాన్ని ఒడిసిపట్టి 50 నుంచి 75 మీటర్ల దూరంలో దారి మీదికి చేర్చగలదు. ఆ ఒక్క చోట వెలుగు పెరిగే మాట నిజమే. డబ్బా మీది అంకె చెప్పేది కూడా ఆ చోటు గురించే.

ఆయుష్షు తగ్గేదీ అక్కడే. వేడికి ఫిలమెంటులోని టంగ్‌స్టన్ ఆవిరవుతుంది. హాలోజెన్ వాయువు ఆ ఆవిరిని పట్టుకుని మళ్లీ ఫిలమెంటుకు చేరుస్తుంది కానీ, పోయిన చోటికే చేర్చాలని లేదు. సన్నబడిన చోటు మరింత వేడెక్కి, ఇంకా సన్నబడి, చివరికి తెగుతుంది. వేడి ఎంత పెరిగితే ఈ పని అంత తొందరగా ముగుస్తుంది. కరెంటు ఒత్తిడి ఐదు శాతం పెరిగితే చాలు, బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. పేరున్న కంపెనీలు తమ సాంకేతిక పత్రాల్లో ఆయుష్షుకు రెండు అంకెలిస్తాయి. నూటికి మూడు బల్బులు పోయేసరికి గడిచే గంటలు బి3. నూటికి 63 పోయేసరికి గడిచే గంటలు టిసి. మామూలు బల్బు కొన్ని వందల గంటలు వెలిగితే, ఎక్కువ వెలుగిచ్చేది అందులో సగమో, అంతకంటే తక్కువో వెలుగుతుంది. రోజూ చీకటి పడ్డాక గంటసేపు కారు నడిపేవారికి ఏడాదికి 365 గంటలవుతాయి. తన బల్బు ఏ నెలలో పోవచ్చో ఎవరికివారు లెక్కవేసుకోవచ్చు. కానీ అందుకు కావలసిన గంటల అంకె డబ్బా మీద పెద్దగా కనబడదు.

ఇంత ఖర్చుపెడితే చూపు ఎంత దూరం పెరుగుతుంది? దూరం రెండింతలైతే అక్కడ పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే వెలుగు 30 శాతం పెరిగినా కనిపించే దూరం 14 శాతమే పెరుగుతుంది. 60 మీటర్లు కనిపించే దారి 68 మీటర్లు కనిపిస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ ఎనిమిది మీటర్లు సెకనులో మూడో వంతు పైచిలుకు. ఎర్రలైటు లేని పత్తి ట్రాక్టరు ఎదురైనప్పుడు ఆ మాత్రం సమయానికీ విలువ ఉంది, కాదనను. అయితే అదే వేగంలో డ్రైవరు తేరుకుని బ్రేకు వేసి కారు ఆగేసరికి దాదాపు 80 మీటర్లు పడుతుంది. డిమ్ లైటులో 60 మీటర్లే కనిపించేవాడిని కాపాడేది యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేయడమే. ఆ పని ఏ బల్బూ చేయదు.

ఇది నిజాయతీగా తయారైన బల్బుల సంగతి. దుకాణాల్లో ఇంతకంటే ఎక్కువగా అమ్ముడయ్యే మిగతా రకాల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. నీలిపూత బల్బు తెల్లగా కనిపిస్తుంది. కానీ ఆ పూత ఫిలమెంటు ఇచ్చే వెలుగులో పసుపు, ఎరుపు భాగాలను అడ్డుకుంటుంది. దారికి చేరేది తగ్గుతుందే తప్ప పెరగదు. 100/90 వాట్ల బల్బు వేస్తే తీగలో ప్రవాహం ఐదు ఆంపియర్ల నుంచి ఎనిమిది దాటుతుంది, తీగలో పుట్టే వేడి దాదాపు మూడింతలవుతుంది. హోల్డరు కరగడం, రిఫ్లెక్టరు మీది వెండి మెరుపు మాడిపోవడం ఏ ఎలక్ట్రీషియన్ని అడిగినా చెబుతారు. బ్యాటరీ నుంచి బల్బుకు వేరే తీగతో కరెంటు ఇచ్చే రిలే కిట్ వేస్తే పాత తీగ దక్కుతుంది. రిఫ్లెక్టరుకు తగిలే వేడి మాత్రం తగ్గదు.

హాలోజెన్ దీపంలో ఎల్‌ఈడీ బిగించడం మరో తంతు. హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూడండి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న దొప్పలాంటి రేకు ఉంటుంది. వెలుగు పైకి ఎగబాకకుండా గీత గీసినట్టు ఆపేది అదే. ఫిలమెంటు, ఆ రేకు, రిఫ్లెక్టరు వంపు, మూడూ లెక్క ప్రకారం ఒకదానికొకటి అమరి ఉంటాయి. చిప్పులు అటొకటి ఇటొకటి అతికించిన ఎల్‌ఈడీలో ఆ అమరిక సరిగ్గా కుదరకపోతే వెలుగు చెదిరి ఎదుటివారి కళ్లలోకి వెళ్తుంది. జర్మనీ 2020లో ఇలాంటి ఎల్‌ఈడీని మొదటిసారి అనుమతించినప్పుడు కూడా, పరీక్షించి నెగ్గిన కారు మోడళ్లకే పరిమితం చేసింది. మన దగ్గర ఏ కారుకైనా ఏ బల్బైనా పది నిమిషాల్లో బిగిస్తున్నారు.

ఆ వెలుగు బాధ ఎక్కువగా పెద్దవయసు వారిది. అరవై ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటిలో చేరేదానిలో మూడో వంతు మాత్రమే. శుక్లం మొదలైతే ఎదురు లైటు కంటిలోనే చెదిరి తెరలా కమ్ముతుంది. డివైడరు లేని రోడ్డు మీద ఆ రెండు క్షణాల గుడ్డితనంలో అంచున నడిచే మనిషి ఎవరికీ కనపడడు. దారి కనిపించాలని మనం కొన్న వెలుగే మరొకరి దారిని మూసేస్తుంది.

మరి లైటు నిజంగానే చాలడం లేదనే వారి మాట? అది చాలామందికి నిజమైన బాధే. దానికి మూడు కారణాలు వెతకాలి. మొదటిది, ఎండకు పసుపెక్కిన ముందు కవరు. దాన్ని పాలిష్ చేయించకుండా లోపల ఎంత ఖరీదైన బల్బు పెట్టినా వ్యర్థం. రెండోది, తుప్పుపట్టిన ఎర్తు, వదులైన కనెక్టరు. బల్బుకు 13.2 వోల్టుల బదులు 12 వోల్టులే అందితే వెలుగులో పావు వంతుకు పైగా పోతుంది. మూడోదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఫోకస్. 70 సెంటీమీటర్ల ఎత్తున్న లైటు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలితే డిమ్ వెలుగు అంచు 70 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. రెండు సెంటీమీటర్ల చొప్పున వాలితే 35 మీటర్లకే ఆగిపోతుంది. స్క్రూ డ్రైవరుతో సరిచేయగల ఈ తేడాను ఏ బల్బూ పూడ్చలేదు. సమతలం మీద గోడకు పది మీటర్ల దూరంలో కారు ఆపితే, వెలుగు గీత లైటు మధ్యభాగం కంటే పది సెంటీమీటర్లు కిందుండాలి. చాలా కార్లకు సరిపోయే కొలత ఇది.

కళ్లు చెదరగొట్టే లైట్లు రోడ్ల మీద తిరుగుతున్నది చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది, ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్నవారి కళ్లు చెదరకుండా లైటు కిందికి వాలి ఉండాలంటుంది. 1988 చట్టంలోని 52వ సెక్షన్ వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని నిషేధిస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు కూడదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. కానీ సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అన్నేళ్లూ దాని లైటును కొలవమని అడిగే వ్యవస్థే లేదు. పొగ పరీక్ష మాత్రం ఏటా చేయిస్తున్నాం. ఆ కేంద్రాల్లోనే ఫోకస్ కొలిచే యంత్రం పెట్టి, అదే రోజు సరిచేయించే ఏర్పాటు చేస్తే ఎవరికీ భారం కాదు. ఫ్రిజ్ మీద స్టార్లు కనిపించినట్టే బల్బు డబ్బా మీద ఆయుష్షు గంటలు కొట్టొచ్చినట్టు ముద్రించాలి. రోడ్డు మీద వాడకూడని బల్బును కొన్నవాడికి జరిమానా వేసే ముందు, దాన్ని బహిరంగంగా అమ్మేవాడిని అడగాలి.

పండుగ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో మామూలు 60/55 బల్బుల జత వేయించాను. చేతి నూనె అంటితే గాజు ఆ చోట మితిమీరి వేడెక్కుతుందని ఎలక్ట్రీషియన్ గుడ్డతో పట్టుకునే బిగించాడు. కవరు పాలిష్ చేశాడు, ఎర్తు బోల్టు గీకి బిగించాడు. షెడ్డు గోడ మీద సుద్దతో గీత గీసి రెండు లైట్లనూ దానికి సరిచేశాడు. ఇంటిల్లిపాదీ, డిక్కీ నిండా సామానూ ఉంటే డ్యాష్‌బోర్డు మీది చక్రం తిప్పి లైటు దించుకోమని చెప్పాడు. ఆ రాత్రే చక్రం ఒక గీత దించి హైదరాబాద్ బయల్దేరాం. ఎడమ అంచున వెళ్తున్న ఎడ్లబండి దూరం నుంచే కనిపించింది. దారి పొడవునా ఎదురొచ్చిన ఒక్క లారీ కూడా నాకు డిప్పర్ కొట్టలేదు.