ఖాళీ అయిన మైండ్‌స్పేస్, ఇంట్లో ఉండలేనివారు

2020 మార్చి 4, బుధవారం నాడు, హైటెక్ సిటీలోని రహేజా మైండ్‌స్పేస్ 20వ నంబరు భవనం కొన్ని గంటల్లో ఖాళీ అయింది. విదేశం వెళ్ళివచ్చిన ఒక ఉద్యోగికి కరోనా సోకిందేమోనన్న అనుమానమే కారణం. నమూనా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్ళింది. మర్నాడు ఫలితం వచ్చింది: వ్యాధి లేదు. ఈలోగా వాట్సాప్‌లో మాత్రం హైటెక్ సిటీ మొత్తం మూతబడిపోయింది.

అంతకు రెండు రోజుల ముందే రాష్ట్రంలో మొదటి కేసు నిర్ధారణ అయింది కనుక ఆ కంగారు అర్థం చేసుకోదగ్గదే. దుబాయి వెళ్ళివచ్చి, బెంగళూరు నుంచి బస్సులో నగరానికి చేరిన ఒక యువ ఇంజినీరు అప్పటికి గాంధీ ఆసుపత్రిలో ఉన్నాడు. అతనితో ప్రయాణించినవారిని వెతకడం అధికారుల పని. అతని ఇల్లు ఎక్కడ, ఇంట్లో ఎవరెవరున్నారు అని ఆరా తీసి పదిమందికి పంపడం ఎవరి పనీ కాదు. మన సంఘాల గ్రూపుల్లోనూ అలాంటివి తిరిగాయి, పైన ‘ప్రార్థించండి’ అన్న మాట తగిలించుకుని.

మిర్యాముకు కుష్ఠు వచ్చినప్పుడు ఏడు దినాలు పాళెం వెలుపల ఉంచారని సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో చదువుతాం. రోగిని కొంతకాలం వేరుగా ఉంచడం లేఖనానికి కొత్త కాదు. అయితే ఆమె తిరిగి పాళెంలోకి వచ్చేవరకు జనం ముందుకు సాగలేదు. ఆమెది శిక్ష అని ఆ అధ్యాయమే చెబుతోంది. ఆసుపత్రిలో జ్వరంతో పడుకున్న కుర్రవాడి గురించి అలా చెప్పే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. శిక్ష పొందిన ఆమె కోసమే అంతమంది ఆగారు.

ఇక మందిరంలో జాగ్రత్తలు. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని ఛిద్రం చేస్తుంది. 20 సెకన్లు చేతులు రుద్దుకోమనడం అందుకే. శానిటైజర్ దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు. మందిరం కొళాయి దగ్గర ఒక సబ్బు బిళ్ళ పెడితే చాలు. చేతులు జోడించి వందనాలు చెప్పడం మన సంఘాలకు ఎవరూ నేర్పనక్కరలేదు, షేక్‌హ్యాండే మధ్యలో వచ్చింది. ప్రభు బల్ల దగ్గర ఒకే పాత్రలో తాగే సంఘాలు కొన్నాళ్ళు చిన్న గ్లాసులు వాడితే సంస్కారపు పవిత్రతకు లోటేమీ రాదు. కోడి మాంసం భయం సంగతి చెప్పనే అక్కరలేదు. అది పోగొట్టడానికి ఫిబ్రవరి 28న మన మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించవలసి వచ్చింది.

91వ కీర్తన చదివితే చాలు, మరే జాగ్రత్తా అక్కరలేదనే సందేశాలు కూడా వచ్చాయి. దేవాలయ శిఖరం మీద అపవాది ప్రభువు ముందు ఎత్తింది ఆ కీర్తనలోని మాటలనే. ఆయన దూకలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త, జ్వరం, దగ్గు ఉన్నవారు ఇంట్లో ఉండటం. ఖరీదైనదీ అదే. ఆ బుధవారం ల్యాప్‌టాప్ ఉన్నవారు ఇంటికి వెళ్ళి పని చేసుకోగలిగారు, జీతం ఎక్కడికీ పోలేదు. అలాంటి భవనాలు తుడిచే హౌస్‌కీపింగ్ అక్కకు, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకు, క్యాంటీన్ కుర్రాడికి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే అమ్మకు ఆ వీలు లేదు. నాగా పెడితే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఒళ్ళు కాలుతున్నా పారాసెటమాల్ వేసుకుని డ్యూటీకి వెళతారు. టీమ్ లీడరూ, అతని ఆఫీసు తుడిచే అక్కా ఆదివారం ఒకే మందిరంలో కూర్చునే సంఘాలు మనకు మాదాపూర్, మియాపూర్ దారిలో ఉన్నాయి. ఇంట్లో ఉండండన్న మాట ఇద్దరికీ ఒకేలా వినబడదు.

నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్ళకు ఈఎస్ఐ ఉంది. నిర్ణీత కాలం చందా కట్టి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద, జబ్బుపడిన రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. కాంట్రాక్టు కార్మికులకూ ఇది హక్కే. జీతంలో కోత పడుతున్నా కార్డు చేతికి రానివారు, వచ్చినా దేనికో తెలియనివారు మనలో ఉన్నారు. కంపెనీల హెచ్ఆర్ విభాగాల్లో ఉద్యోగం చేసే మన విశ్వాసులు తమ కాంట్రాక్టరును ఈ ఒక్క విషయం అడగగలరు. ఇళ్ళలో పనిచేసేవారికీ, క్యాబ్ డ్రైవర్లలో చాలామందికీ ఆ రక్షణ లేదు. ‘రావద్దు, జీతం కోయను’ అని పనమ్మాయికి ఆ ఇంటివారే చెప్పాలి. డ్రైవరు కుటుంబం సంగతి సంఘ పెద్దలు చూడాలి. లెంటు కానుకలు ఈ ఏడు ముందుగా అటు వెళ్ళవచ్చు.

వచ్చే ఆదివారం ప్రకటనల్లో 104 హెల్ప్‌లైన్ నంబరు ఎలాగూ చదువుతారు. దాని పక్కనే, జ్వరం వచ్చి పనికి పోలేనివారు ఫోను చేయడానికి ఒక సంఘ పెద్ద నంబరు కూడా చదవండి.