పెద్దదిక్కు పేర పెత్తనము

కొయ్యూరు పేరు చెప్పగానే తెలుగువారికి 1924 మే 7వ తేదీయు, అల్లూరి సీతారామరాజును గుండ్లకు బలిచేసిన దొరతనమును స్మృతికి వచ్చును. ఆయన జన్మించిన పాండ్రంగి పద్మనాభమునకు చేరువ గ్రామము. ఆ పద్మనాభముననే, అంతకు నూటముప్పది యేండ్లకు పూర్వము, 1794 జూలై 10వ తేదీన మరియొక రాజు కుంఫిణీ సైన్యముచే కూలెను. మొదటి కథ పిల్లలకు సైతము తెలియును. కొయ్యూరు కొండల నేటి వ్యవహారమునకు రెండవ కథయే యెక్కువ పనికివచ్చునని మా తలంపు.

1760లో ఆనందరాజు మృతినొందగా విజయనగర సంస్థానము విజయరామరాజను బాలునికి సంక్రమించెను. బాలునికి పెద్దదిక్కు కావలెను గదా! సవతియన్న సీతారామరాజు ఆ స్థానమున కూర్చుండెను. ఆతడు సమర్థుడే, ఇరుగుపొరుగు జమీందారులను సంస్థానమునకు లోబరచుటలో ఆతని చేయి పెద్దది. కాని బాలుడు యువకుడైనను ఆ చేయి తమ్ముని భుజముపైనుండి తొలగలేదు. తమ్ముడు అన్న పెత్తనము వలదనెను. అంతట 1778లో చెన్నపట్నపు గవర్నరు సర్ థామస్ రంబోల్డు ఆతనిని తన కడకు రప్పించి, అన్ననే మరల దివానుగా నంగీకరింపవలెనని నిర్బంధించెను. యజమాని తన దివానును తానెన్నుకొనరాదట! రంబోల్డు లంచముల వ్యవహారము ఇంగ్లండు పార్లమెంటు వరకు ప్రాకినది; అచ్చటను తీర్పు లేకయే చల్లారినది.

1793లో కుంఫిణీవారు సీతారామరాజును చెన్నపట్నమునకు తరలించిరి. తమ్మునికి స్వేచ్ఛ లభించెననుకొందుమా? అన్న లేచిన పీటపై కుంఫిణీయే కూర్చుండెను. పేష్కషు బకాయిల నెపమున కోటను పట్టుకొని, నెలకు 1,200 రూపాయల భరణము పుచ్చుకొని మచిలీపట్నమునకు పొమ్మని రాజును శాసించెను. ఆతడు బయలుదేరి పద్మనాభమున ఆగిపోయెను, మరి కదలలేదు. కర్నల్ ప్రెండర్‌గాస్టు వేకువనే పైబడెను. గంటసేపైన సాగని ఆ పోరులో రాజును, ఆయన బంధువులలో అనేకులును నేలగూలిరి. ఆయన గొప్ప పరిపాలకుడని మేమనము. బందరులో భరణము తినుచు ముసలివాడై యుండవచ్చును, అట్లుండనొల్లలేదు.

పిమ్మట ఆయన కుమారుడు నారాయణబాబును, అప్పటికి బాలుని, అనుచరులు మన్యమునకు గొనిపోయిరి. కొండదొరలు ఆ పసివానిని కుంఫిణీ కప్పగింపలేదు. తుదకు సంస్థానములో కొంతభాగమైన ఆతనికి తిరిగి యీయక తప్పలేదు.

కొండవారికిని ఇట్టి పెద్దదిక్కే దాపురించెను. కొయ్యూరు ప్రాంతపు గొలుగొండలో 1836లో ముఠాదారుల నడుగకయే కుంఫిణీ జమీందారిణిని నియమించెను. కొండవా రామెను వధించిరి. ఆ క్రౌర్యమును మేము సమర్థింపము. మరుసటి యేడు జమీనే కుంఫిణీపరమయ్యెను. 1845లో ముఠాదారులు చినభూపతియను యువకుని ముందిడుకొని తిరుగబడిరి. ఈ నడుమ 1839 నాటి చట్టము కొండసీమను కలెక్టరు ఏజెంటు చేతిలో పెట్టెను. కొండవాడు శాశ్వత బాలుడు, దొర శాశ్వత సంరక్షకుడు!

ఆ దొరలు పోయిరి. 1970 నాటి ఒకటవ నిబంధన గిరిజనుల భూమికి కంచె వేసినది. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము భూసేకరణకు ముందు గ్రామసభనో, తగు స్థాయి పంచాయతీనో సంప్రదింపవలెనని విధించినది. 2022లో కొయ్యూరు అల్లూరి పేరిటి జిల్లాలో చేరినది. మంచిదే. కాని ముందే వ్రాసికొనివచ్చిన తీర్మానమును చదివి వినిపించి వ్రేలిముద్రలు వేయించుకొనుట సంప్రదింపగునా? కాదనుటకు హక్కులేని సభ ఎవరి సభ? కువిలోను, కొండవారి ఇతర భాషలలోను విషయము ముందుగా తెలుపుడు, ఆలోచించుకొనుటకు గడువిండు, వలదన్నచో ఆ మాటనే తీర్మానముగా వ్రాసికొని వెనుకకు మరలుడు. అధికారులను మేము కోరున దింతే.