మద్దెలదే తప్పా?



'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెతను మనం తెలుగు తరగతిలో చాలాసార్లు చెప్పుకున్నాం. టెన్నిస్ ఆడే పిల్లలు మాత్రం దీన్ని ఒక పట్టాన ఒప్పుకోరు. బంతి నెట్‌కి తగిలినా, గీత దాటినా ముందు రాకెట్ వైపే చూస్తారు. ఈ మధ్య చాలామంది మనసు 'కంట్రోల్ రాకెట్' మీదికి మళ్లింది. పెద్ద ఆటగాళ్లు వాడేది అదే కదా అన్నది వాళ్ల వాదన. స్నేహితులను వదిలి కొత్త ఊరికి వచ్చిన బిడ్డ మనసు నొప్పించలేక అమ్మానాన్నలు అడిగింది కొనిపెట్టడం మన బదిలీల కుటుంబాల్లో మామూలే. కాబట్టి డబ్బు పెట్టేముందు ఆ రాకెట్ కోర్టులో ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవాలని మేము కోరుతున్నాం.

కంట్రోల్ రాకెట్ తల చిన్నది, సాధారణంగా 95 నుంచి 98 చదరపు అంగుళాలు. పవర్ రాకెట్ తల 100 లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది. కంట్రోల్ రాకెట్ ఫ్రేమ్ సన్నగా ఉండి, దెబ్బ తగిలినప్పుడు కాస్త వంగుతుంది. తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చాలా వాటిలో నిలువు తీగలు 18, అడ్డ తీగలు 20. గట్టింగ్ చేయకముందే బరువు 300 గ్రాములు దాటుతుంది.

వీటివల్ల ఏమవుతుంది? ఫ్రేమ్ వంగడంలో దెబ్బ బలం కొంత ఖర్చవుతుంది. తీగలు దగ్గరగా ఉండటంతో బంతి పైకి లేవకుండా, తక్కువ ఎత్తులో సూటిగా వెళుతుంది. చేయి పూర్తిగా ఊపి, రాకెట్ నడిమధ్యన తగిలేలా కొడితే బంతి అనుకున్నచోటే పడుతుంది. అడుగు ఆలస్యమైతే, బంతి అంచుకు తగిలితే నెట్ కూడా దాటదు. పవర్ రాకెట్ ఇలాంటి తప్పును కొంత కప్పిపుచ్చుతుంది. కంట్రోల్ రాకెట్ మొహమాటం లేకుండా బయటపెడుతుంది. పేరులో కంట్రోల్ ఉన్నంత మాత్రాన అది చేతికి అదుపు తెచ్చిపెట్టదు.

రోజర్ ఫెదరర్ 90 చదరపు అంగుళాల రాకెట్‌తో ఏళ్ల తరబడి ప్రపంచాన్ని గెలిచాడు. అంతటివాడే 2014లో 97 చదరపు అంగుళాల రాకెట్‌కి మారి, ఆ తర్వాత మరో 3 గ్రాండ్‌స్లామ్‌లు నెగ్గాడు. తన ఒంటికి, ఆటకు ఏది తగునో చూసుకున్నాడే తప్ప పాతదాన్ని పట్టుకుని వేలాడలేదు. అతని చేతిలో చూశామని ఆరో తరగతి పిల్లవాడు బరువైన రాకెట్ పడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. భుజం, మణికట్టు నొప్పి అదనం. పదేళ్లలోపు పిల్లల కోసం నెమ్మదిగా వెళ్లే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులు ఉన్నాయి. ఎత్తును బట్టి 21 నుంచి 26 అంగుళాల పొడవున్న తేలికపాటి రాకెట్లు ఉన్నాయి. వాటితో మొదలుపెట్టడం చిన్నతనం కాదు.

మరి కంట్రోల్ రాకెట్ ఎవరికి? గట్టిగా కొట్టగలిగి, బంతి గీత దాటిపోతున్నవారికి. కొట్టిన బంతి అవతలి బేస్‌లైన్ దాకా చేరనివారికి కాదు. బలం, అదుపు శత్రువులు కావు. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జాకు ఫోర్‌హ్యాండ్ బలం పెద్ద ఆస్తి. మార్టినా హింగిస్‌ది బంతిని కోరినచోట వేసే నేర్పు. ఆ ఇద్దరూ జతకట్టి 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. వరుసగా 41 మ్యాచ్‌లు ఓటమి ఎరగలేదు.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఊరు మారితే కోచ్ మారతారు. ఒకరు నేర్పిన పట్టు ఇంకొకరికి నచ్చదు. ఈ మధ్యలో పవర్ రాకెట్ దాచిన తప్పులు మనతోపాటే సామాను కట్టుకుని వస్తాయి. అందుకే చేయి ఎదిగి, దెబ్బ కుదిరిన తర్వాత, అంటే పైతరగతుల్లో, కంట్రోల్ రాకెట్ మంచి గురువే అంటాం. కోచ్ ఎవరైనా అది చెప్పే మాట మారదు.

అయితే గాలి మారుతుంది. మన రాయ్‌పూర్‌లో నవతపా ఎండలకు తీగల బిగువు సడలుతుంది, బంతి ఎక్కువ ఎగురుతుంది. సముద్రం ఒడ్డున విశాఖలో గీత లోపల పడిన దెబ్బే, దాదాపు 1500 మీటర్ల ఎత్తున్న షిల్లాంగ్‌లో గాలి పలుచన కాబట్టి గీత దాటవచ్చు. అప్పుడు రాకెట్ మార్చనక్కరలేదు, గట్టింగ్ మారిస్తే చాలు. తీగలు బిగిస్తే అదుపు పెరుగుతుంది, వదులు చేస్తే బలం పెరుగుతుంది. ఏ తీగ, ఎన్ని పౌండ్ల బిగువు, ఏ తేదీన వేయించామన్నది ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. టీసీతోపాటు ఆ పుస్తకాన్నీ కొత్త ఊరికి తీసుకువెళ్లండి.

కొనేముందు తోటివారి రాకెట్ అడిగి కనీసం వారం రోజులు ఆడి చూడండి. అమ్మానాన్నల జీతం విలువ మీకు తెలుసు. మద్దెల ఓటిదో కాదో ఆ వారంలోనే తేలిపోతుంది.