ఒర్లియంపేట నుంచి ఒంటారియోకు

ఈ వారపు లేఖను రాజధాని నుండి గాక పుదుచ్చేరి నుండి వ్రాయవలసి వచ్చింది. అయినప్పటికీ విషయం ఢిల్లీకి దూరమైనది కాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. ఇక్కడ శాసనసభ, మంత్రివర్గం ఉన్నా తాళపుచెవుల గుత్తి మాత్రం కేంద్ర హోం శాఖ మొలలోనే ఉంటుంది. ఆ పాలనకు లోబడిన నాలుగు ముక్కలలో ఒకటి మన గోదావరి ఒడ్డున, కాకినాడకు చేరువలో ఉన్న యానాం. 1954 జూన్‌లో అక్కడ ఫ్రెంచి జెండా దిగిపోయింది గాని, యానాం తెలుగువాడు పెద్ద చదువుకైనా, ప్రభుత్వ కార్యాలయంలో కాగితం కదిలించుకోవడానికైనా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఈ తమిళ నగరానికి రావలసిన అగత్యం తప్పలేదు. అట్లా వచ్చి దిగేది ఒర్లియంపేట అంచున ఉన్న బస్టాండులో.

ఒర్లియంపేట అన్న పేరు చెవికి ఫ్రెంచిగా వినిపిస్తుంది. తమిళులు దానిని ఉరుళైయన్‌పేట అంటారు. పేరు ఎట్లున్నా, యాత్రికులు ఫోటోలు తీసుకొనే తెల్లదొరల వీధులకు, ఈ పేటకు పోలిక లేదు. ఇది చిన్న దుకాణాల పేట, బస్సు కోసం ఎదురుచూసేవారి పేట. ఇక్కడ ఒక కాఫీ హోటలులో నా తెలుగు విని పక్క బల్ల నుండి ఒక యువకుడు లేచి వచ్చాడు. యానాం వాడు. బి.కాం. పూర్తి చేసి రెండేళ్ళుగా ఒక ఆడిటరు వద్ద లెక్కలు వ్రాస్తున్నాడు. నేను ఢిల్లీ నుండి వచ్చానని తెలియగానే అతడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఏవండీ, కెనడా వాళ్ళ ఆఫీసులో మీకెవరైనా తెలుసాండీ?”

తెలియదన్నాను. అతడు నిరుత్సాహపడక తన పథకం చెప్పాడు. ఒంటారియో రాష్ట్రంలో ఒక కళాశాల ఉన్నది. అందులో పట్టభద్రులకు ప్రాజెక్టు నిర్వహణలో ఏడాది సర్టిఫికెట్టు కోర్సు ఉన్నది. అది ముగిశాక అదే కళాశాలలో మరొక ఏడాది కోర్సు. తండ్రికి రొయ్యల చెరువు ఉన్నది, తాకట్టుకు సిద్ధంగా ఉన్నాడు. ఏజెంటు కాగితాలన్నీ తయారు చేశాడు. “ప్రాజెక్టు నిర్వహణే ఎందుకు?” అని అడిగితే కుర్రవాడు నిజాయితీగా నవ్వాడు. “దానికి లెక్కల పరీక్ష లేదటండీ. ఏ డిగ్రీ అయినా తీసుకుంటారట.”

నేను ఈ లేఖ వ్రాయడానికి కారణం ఆ జవాబే.

ప్రాజెక్టు నిర్వహణ ఒట్టి మాట కాదు, గట్టి విద్యే. మొదలు, తుది ఉన్న ఒక పనిని, పరిమితమైన డబ్బుతో, చెప్పిన గడువులో ముగించడం ఎట్లా అన్నదే దాని సారం. పెళ్ళి చేసిన ప్రతి గృహస్థుకూ దీని మొదటి పాఠం తెలుసు. లగ్నం మారదు. పందిరి ముందా వంటవాడు ముందా, పుస్తెలు చేయించడం ఎన్నాళ్ళకు ముందు మొదలు కావాలి, ఏ పని ఒక్క రోజు జారితే ముహూర్తమే జారుతుంది అన్న లెక్క అంతా పెళ్ళిపెద్ద తలలో ఉంటుంది. 1957లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన సంస్థ ఈ లెక్కకే ఒక గణిత రూపం ఇచ్చింది. మరుసటి ఏడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల తయారీకి మరొక పద్ధతి కల్పించుకున్నది. వేల పనులలో దేనిని ఆపితే మొత్తం ఆగుతుందో ఆ గొలుసును గుర్తించడమే ఈ రెండింటి కీలకం. 1969లో అక్కడే ప్రాజెక్టు నిర్వాహకుల సంఘం ఒకటి ఏర్పడింది. ఆ సంఘం 1984 నుండి ఇస్తున్న పి.ఎం.పి. అనే ధ్రువపత్రానికి ప్రపంచమంతటా విలువ ఉన్నది. దానికి పరీక్ష వ్రాయడానికే నాలుగేళ్ళ పట్టా ఉన్నవారికి సైతం మూడేళ్ళపాటు పనులు నడిపిన అనుభవం కావాలి. పట్టా లేనివారికి ఐదేళ్ళు. అంటే ఆ వృత్తిలోని పెద్దలే, ముందు పని చేసి రా, ఆ తరువాత కాగితం ఇస్తాము అంటున్నారన్నమాట. అనుభవం లేని కుర్రవాడికి ఆ సంఘమే వేరొక చిన్న ధ్రువపత్రం ఇస్తుంది. దానికి సముద్రం దాటనక్కరలేదు.

మన దేశంలో ఈ చదువు లేదా? ఉన్నది. నిర్మాణ రంగపు నిర్వహణ నేర్పడానికి 1983లో నిక్మార్ సంస్థ పుట్టింది. హైదరాబాదు చేరువన షామీర్‌పేటలో దానికి శాఖ ఉన్నది. ఎం.బి.ఏ. నేర్పే అనేక విశ్వవిద్యాలయాలలో ఇది ఒక పాఠ్యాంశం. ఢిల్లీలో మైదాన్ గఢీ నుండి నడిచే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పోస్టులో పుస్తకాలు పంపి సైతం ఈ పాఠం చెప్పింది. కనుక కుర్రవాడు కెనడాకు పోవాలనుకోవడం చదువు కోసం కాదు. అది అతడికీ తెలుసు, ఏజెంటుకూ తెలుసు, ఆ కళాశాలకూ తెలుసు.

అసలు కిటుకు వేరే ఉన్నది. కెనడాలో చదువు ముగిసినవారికి ఉద్యోగం చేసుకొనే అనుమతి ఇస్తారు. ఏడాది చదివితే ఏడాది అనుమతి. రెండేళ్ళు చదివితే మూడేళ్ళు. అందుచేత ప్రాజెక్టు నిర్వహణలో ఒక ఏడాది, మరి దేనిలోనో ఒక ఏడాది కలిపి రెండేళ్ళు చేసి, మూడేళ్ళ అనుమతి సంపాదించి, ఆ గడువులో స్థిరనివాసానికి దరఖాస్తు పెట్టుకోవడం వేలమంది మన పిల్లలు నడిచిన బాట. తెలుగు జిల్లాల నుండి వెళ్ళినవారూ అందులో ఉన్నారు. దీనికి వారిని తప్పు పట్టలేము. నియమం అట్లా ఉన్నప్పుడు మనిషి అట్లాగే నడుస్తాడు. ఆ కళాశాలలనూ పూర్తిగా తప్పు పట్టలేము. ఒంటారియో ప్రభుత్వం 2019లో స్వదేశీ విద్యార్థుల ఫీజును పదో వంతు తగ్గించి, ఆపై పెరగకుండా బిగించింది. ఆ లోటు పూడ్చుకోవడానికి కళాశాలలు విదేశీ విద్యార్థి జేబు వెతికాయి. ప్రయోగశాల అక్కరలేని, యంత్రం అక్కరలేని, ఒక గది, ఒక తెర ఉంటే నడిచే కోర్సులు ఊరికే విస్తరించలేదు.

2024లో తలుపు మూయడం మొదలయింది. జనవరిలో కెనడా ప్రభుత్వం ఆ ఏటి విద్యార్థి అనుమతులను మూడింట ఒక వంతుకు పైగా తగ్గించి సుమారు 3 లక్షల 60 వేలకు పరిమితం చేసింది. విద్యార్థి ఖర్చులకు చూపవలసిన సొమ్మును 10,000 డాలర్ల నుండి 20,635 డాలర్లకు పెంచింది. 2025 సెప్టెంబరులో దానిని మళ్ళీ పెంచింది. అన్నిటికంటె బరువైన నియమం 2024 నవంబరు 1న వచ్చింది. ఆనాటి నుండి దరఖాస్తు పెట్టి కళాశాలల సర్టిఫికెట్టు, డిప్లొమా కోర్సులలో చేరేవారికి, వైద్యసేవ, వ్యవసాయం, శాస్త్ర సాంకేతికాలు, చేతిపనులు, రవాణా వంటి మనుషుల కొరత ఉన్న రంగాల చదువైతేనే ఉద్యోగపు అనుమతి. సాధారణ వ్యాపార నిర్వహణకు, దానితోపాటు ప్రాజెక్టు నిర్వహణకు, ఆ జాబితాలో చోటు దక్కలేదు. అంటే మన యానాం కుర్రవాడు చెరువు తాకట్టు పెట్టి రెండేళ్ళు చదివినా, మరునాడు విమానం ఎక్కి తిరిగి రావలసినదే. ఒంటారియో కళాశాలలే ఇటువంటి కోర్సులను వందల సంఖ్యలో ఆపివేసి, ఉపాధ్యాయులను ఇంటికి పంపాయి. ఆ సంగతి ఒర్లియంపేటకు ఇంకా చేరలేదు. లేక, చేరినా ఏజెంటు గుమ్మం వద్ద ఆగిపోయింది.

ఇక్కడ మా పత్రికలవారి తప్పు కూడా ఒప్పుకొనక తప్పదు. 2023 అక్టోబరులో 41 మంది కెనడా దౌత్యవేత్తలు ఢిల్లీ విడిచిపోయినప్పుడు మేము పేజీలకు పేజీలు వ్రాశాము. ఏడాది తరువాత మళ్ళీ ఉభయ దేశాలూ ఒకరి దౌత్యవేత్తలను ఒకరు వెళ్ళగొట్టుకున్నప్పుడు మరిన్ని పేజీలు వ్రాశాము. ఆ గొడవకు రెండు వారాల తరువాత అమలులోకి వచ్చిన నవంబరు నియమం లోపలి పేజీలో నాలుగు వాక్యాలతో సరిపోయింది. పార్లమెంటులోనూ అదే తీరు. 2024లో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం విదేశాలలో చదివే భారతీయ విద్యార్థులు 13 లక్షల 35 వేలకు పైన. అందులో కెనడాలోనే 4 లక్షల 27 వేలు. దేశం పేరు చెప్పారు, తలలు లెక్కపెట్టారు, సభ్యులు బల్లలు చరిచారు. ఆ తలలు ఏమి చదువుతున్నాయి, అప్పు ఎంత, తిరిగివస్తే ఏమి చేస్తాయి అన్న ఉపప్రశ్న వేసిన గొంతు నా చెవిన పడలేదు.

ఇదంతా ఇట్లా ఉండగా, ప్రాజెక్టు నిర్వహణ తెలిసినవారి అవసరం మన దేశానికి లేదా అంటే, లేకేమి! 1985లో రాజీవ్‌గాంధీ హయాంలో కార్యక్రమాల అమలుకు ప్రత్యేక మంత్రిత్వ శాఖే పుట్టింది. గణాంకాల శాఖతో కలిసి నేటికీ ఉన్న ఆ శాఖ 150 కోట్లకు మించిన కేంద్ర పథకాల జాతకం నెలనెలా ప్రకటిస్తూ వచ్చింది. 2023 డిసెంబరు జాతకంలో 1,820 పథకాలున్నాయి. 848 ఆలస్యంగా నడుస్తున్నాయి. 431 పథకాల ఖర్చు అంచనాను దాటిపోయింది. దాటిన మొత్తం 4 లక్షల 82 వేల కోట్లు. కారణాల పట్టిక ప్రతి నెలా అదే: భూమి దొరకలేదు, అటవీ అనుమతి రాలేదు, టెండరు తేలలేదు, మధ్యలో పని రూపమే మార్చారు. పట్టిక తయారు చేయడంలో మనకు సాటి లేదు.

ఆ కుర్రవాడి ఊరి పక్కనే ఉదాహరణ ఉన్నది. కాకినాడ నుండి కోటిపల్లి వరకు ఉన్న రైలుమార్గాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దొరలు పీకుకుపోయారు. అది 2004లో మళ్ళీ వచ్చింది. కోటిపల్లి నుండి నర్సాపురానికి 57 కిలోమీటర్ల మార్గం 2000-01లో మంజూరయింది. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు కావాలి. రాష్ట్రం తన నాలుగో వంతు వాటా ఇవ్వలేదని రైల్వే, రైల్వే కదలడం లేదని రాష్ట్రం అనుకుంటుండగా పాతికేళ్ళు గడిచాయి. అదే గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు ముగించాడు. ఇక ఒర్లియంపేట బస్టాండు సంగతే చూడండి. 2017లో పుదుచ్చేరిని స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చారు. బస్టాండు పునర్నిర్మాణం కోసం 2024 జూన్‌లో బస్సులను మూతపడిన ఏ.ఎఫ్.టి. మిల్లు మైదానానికి తరలించారు. కొత్త కట్టడం తెరిచింది 2025లో. ఏడాదిపాటు యానాం ప్రయాణికుడు మట్టిలో పెట్టె మోసుకు నడిచాడు. ఎనిమిది వేల మంది కార్మికులు కాదు గదా, ఒక్క కార్మికుడు లేని మిల్లు స్థలం బస్సులకైనా ఉపయోగపడింది, అదొక తృప్తి.

ఢిల్లీలో నేను రోజూ ఎక్కే మెట్రో రైలును నిలబెట్టిన ఇ. శ్రీధరన్ చదివింది ఎక్కడ? యానాంకు కూతవేటు దూరంలోని కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో. 1964 డిసెంబరు తుఫానుకు పాంబన్ వంతెన కొట్టుకుపోయినప్పుడు రైల్వే పెద్దలు ఆరు నెలల గడువు పెట్టుకున్నారు. పైఅధికారి దానిని మూడు నెలలకు కుదించాడు. యువ ఇంజనీరు శ్రీధరన్ 46 రోజులలో రైలు నడిపించాడు. ఆయన వద్ద ప్రాజెక్టు నిర్వహణ సర్టిఫికెట్టు లేదు. సముద్రంలో పడిన గర్డరులను వెతికి తీసి మళ్ళీ వాడుకొనే బుద్ధి, ఆ పని తన చేతికి అప్పగించిన ప్రభుత్వం ఉన్నాయి. నేటి పట్టభద్రులందరూ శ్రీధరన్‌లు అవుతారని నేననను. అయితే పని దగ్గరకు పోనివ్వకుండా ఎవరు ఏమవుతారో తేల్చడమెట్లా?

కేంద్రం చేతిలో సాధనాలు లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ఉన్నది, పట్టభద్రులకూ అది వర్తిస్తుంది. 2024లో ఐదు వందల పెద్ద కంపెనీలలో ఐదేళ్ళలో కోటిమందికి ఇంటర్న్‌షిప్పు అన్నారు. నెలకు ఐదు వేలు ఇస్తామన్నారు. చేరినవారు లక్ష్యానికి ఆమడ దూరంలో నిలిచారు. ఆలస్యమైన ఆ 848 పథకాలలో ఒక్కొక్క దానికి పదిమంది పట్టభద్రులను లెక్కలకు, గడువుల పరిశీలనకు, భూసేకరణ ఫైళ్ళ వెంట తిరగడానికి మూడేళ్ళు నియమించి, జీతం ఇచ్చి, చివర ఆ అనుభవానికి ధ్రువపత్రం ఇవ్వడానికి అడ్డేమిటి? ఆడిటరు వద్ద పనిచేసిన బి.కాం. వాడికి, బిల్లు ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఎం.బి.ఏ. కంటె బాగానే తెలుస్తుంది. పుదుచ్చేరి నేరుగా కేంద్రం అజమాయిషీలో ఉన్నది గనుక ప్రయోగానికి ఇంతకంటె అనువైన చోటు దొరకదు. హోం శాఖ ఒక ఉత్తరువు పంపితే చాలు.

ఆ కుర్రవాడికి మాత్రం ఉత్తరువు వచ్చేదాకా ఆగమని చెప్పలేకపోయాను. కళాశాలకు నేరుగా రెండు ప్రశ్నలు వ్రాయమన్నాను. ఈ కోర్సు చదివినవారికి 2024 నవంబరు నియమం ప్రకారం ఉద్యోగపు అనుమతి వస్తుందా రాదా? రాకపోతే కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు? జవాబు వచ్చేదాకా చెరువు కాగితం ఇంటి పెట్టెలోనే ఉంచమన్నాను. అతడు బస్సు టిక్కెట్టు వెనుక రెండు ప్రశ్నలూ వ్రాసుకున్నాడు. “ఏజెంటుకి చూపించొచ్చాండీ?” అని అడిగాడు. చూపించమన్నాను.