కంటి సూదికి వాయిదా చెల్లదు

చలికాలంలో పిల్లల వద్దకు వచ్చి, ఎండలు ముదరకముందే స్వస్థలానికి తిరిగి వెళ్లడం గల్ఫ్ తెలుగు కుటుంబాలలోని పెద్దలకు పరిపాటి. 2020లో ఆ తిరుగు ప్రయాణం ఆగిపోయింది. మార్చి 22 నుండి భారతదేశం అంతర్జాతీయ ప్రయాణిక విమానాలను నిలిపివేసింది. స్వదేశానికి చేర్చే వందే భారత్ విమానాలు మే 7న గాని మొదలు కాలేదు. ఈ నడుమ ఏప్రిల్ 4 నుండి దుబాయ్‌లో రేయింబవళ్లు ఆంక్షలు అమలయ్యాయి. మీనా బజారు మూగబోయింది. బర్ దుబాయ్ ఫ్లాట్లలో చిక్కుకుపోయిన వృద్ధులలో కంటి చికిత్స సగంలో ఉన్నవారి ఇక్కట్లకు రావలసినంత ప్రాధాన్యం ఆనాడు రాలేదు.

వైద్య అవసరానికి బయటికి వెళ్లడాన్ని నిబంధనలు నిషేధించలేదు. తరచు అడ్డుపడినది ఇంటివారి భయం. "ఈ రోజుల్లో ఆసుపత్రికా? కన్నే కదా నాన్నగారూ, కాస్త సద్దుమణిగాక చూద్దాం" అన్న మాట ప్రేమతో అన్నదే. సందర్శక వీసాపై వచ్చినవారికి కుటుంబపు ఆరోగ్య బీమా మామూలుగా వర్తించదన్న బెంగ కూడా దానికి తోడైంది. భయం సమంజసమే. కాని వాయిదా మాత్రం పొరపాటు.

కంటి జబ్బులన్నీ ఒక్క తీరువి కావు. శుక్లం ఆపరేషన్ కొన్ని నెలలు ఆలస్యమైనా, తగ్గిన చూపు సాధారణంగా తిరిగి వస్తుంది. వార్ధక్యంలో వచ్చే మాక్యులా క్షీణత అటువంటిది కాదు. రెటీనా నడుమ ఉండే చిన్న భాగమే మాక్యులా. అక్షరం చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి ముఖాన్ని గుర్తుపట్టడం దాని పనులు. అది చెడితే పక్కచూపు మిగిలి, నట్టనడుమ మసక కమ్ముతుంది. పొడి రకంలో ఈ క్షయం మెల్లగా సాగుతుంది. తడి రకంలో రెటీనా అడుగున అసహజమైన రక్తనాళాలు పుట్టి, ద్రవమో రక్తమో కారి, కొద్ది వారాలలోనే చూపును దెబ్బతీయగలవు. వాటిని పెంచే ప్రోటీనును అణచే మందును కంటిలోకి సూదితో ఇస్తారు. 2006లో అమెరికాలో రానిబిజుమాబ్‌కు ఆమోదం లభించడంతో ఈ చికిత్స కొత్త మలుపు తిరిగింది. అయితే ఆ ప్రభావం కొన్ని వారాలలో తగ్గిపోతుంది గనుక సూది మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. మచ్చ కట్టిన మాక్యులా మరల కోలుకోదు. అందుకనే 2020 మార్చిలో అత్యవసరం కాని కంటి వైద్యాన్ని ఆపమని వైద్యులను కోరిన అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీయే, ఈ సూదులను అత్యవసర చికిత్సల జాబితాలో ఉంచింది.

చికిత్స ఒక్కటే కాదు, చూపు తగ్గినవారు కూడగట్టుకున్న ఆసరాలన్నింటినీ మహమ్మారి లాగివేసింది. తడిమి తెలుసుకోవడం, దగ్గరగా జరిగి చూడడం, ఒకరి మోచేయి పట్టుకుని నడవడం ఒక్కసారిగా ప్రమాదకరమైన పనులయ్యాయి. మాస్కు ముఖాలను కప్పి, గొంతులను అణచివేసింది. అంతేకాక దాని పై అంచు కింది పక్కచూపును కొంత మూసివేస్తుంది. మెట్ల వద్ద ఈ వృద్ధులకు ఆధారం ఆ చూపే. దూరం పాటించమని నేలమీద అంటించిన గుర్తులు వారికి కనబడవు. దుబాయ్‌లో మాల్స్ తిరిగి తెరిచినప్పుడు 60 ఏళ్లు దాటినవారికి కొంతకాలం ప్రవేశం లేదు. వేసవిలో ఇక్కడి పెద్దలకు మాల్ అంటే నడక, నాలుగు మాటలు. కొనుగోలుతో నిమిత్తం లేదు.

ఇంతకన్న గుట్టుగా ఉండిపోయే బాధ మరొకటి ఉంది. చూపు బాగా తగ్గిన కొందరికి లేని పువ్వులు, ముగ్గుల వంటి ఆకృతులు, అపరిచితుల ముఖాలు కనిపిస్తాయి. 1760లో జెనీవా ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనే తన తాతగారి విషయంలో దీనిని వర్ణించాడు. ఇది మతిభ్రమ కాదు. కంటి నుండి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తానే బొమ్మలు కల్పించుకోవడం. లాక్‌డౌన్ కాలంలో ఈ దృశ్యాలు ఎక్కువయ్యాయని లండన్ పరిశోధకుల సర్వేలో సగానికి పైబడినవారు తెలిపారు. ఒంటరితనం అందుకు దోహదం చేసింది. "పిచ్చి అనుకుంటారేమో" అని నోరు విప్పని అమ్మమ్మను, "ఏమైనా కనబడుతోందా అమ్మమ్మా?" అని మనవలే ముందుగా అడగడం మేలు.

మరో ఉపద్రవం ఎప్పుడు వస్తుందో గాని, పెద్దల సూట్‌కేసులో రక్తపోటు మాత్రలతో పాటు ఒక కాగితం ఉండి తీరాలి: ఏ కంటికి, ఏ మందు, ఆఖరి సూది ఏ తేదీన, తదుపరిది ఎప్పటిలోగా. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపించుకుంటున్నా, ఊరి డాక్టరు వద్దనే చూపించుకుంటున్నా, ఆ కాగితం ఉంటే బర్ దుబాయ్‌లోని నేత్రవైద్యుడు చికిత్సను ఆగినచోటి నుండి అందుకోగలడు. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక ఆంస్లర్ గళ్ల పటం అంటించి, చదివే కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క కన్ను మూసి నడిమి చుక్కను చూడమనాలి. గీతలు వంకరపోయినా, నడుమ గళ్లు మాయమైనా ఆ వారంలోనే వైద్యుని కలవాలి. రెండు కళ్లతో కలిపి చూస్తే ప్రయోజనం లేదు; మంచి కన్ను రెండవదాని లోపాన్ని నెలల తరబడి కప్పిపుచ్చుతుంది.