ఈ నెల మాట: ఒప్పందం

‘ఒప్పుకున్నాను’ అనడం మీకు వచ్చు కదా, ‘ఒప్పందం’ దానికి చుట్టమే. ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది ఒప్పందం.

మందిరం తరగతిలో ఈ మాట నేర్చుకున్నప్పుడు నాకు ఒకటే గుర్తొచ్చేది: మన ముత్తాతలు వేలిముద్ర వేసిన కాగితం. దేశాలు కూడా ఒప్పందాలు రాసుకుంటాయని, అలాంటిదొకటి మా ఇంటికి అన్నం పెట్టిందని చాలా కాలం తెలియదు.

అది 1975లో, టోగో రాజధాని లోమేలో కుదిరింది. (చూడండి, తెలుగులో ఒప్పందం ‘కుదురుతుంది’.) దాని ప్రకారం మన మారిషస్ ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెర యూరప్‌కు అమ్మవచ్చు. ఇది మన ‘వాటా’. సరిహద్దు దగ్గర కట్టే పన్ను, అంటే ‘సుంకం’, లేదు. ధర ముందే ఖాయం. ప్రపంచ బజారులో ధర పడిపోయినా మనకు పడదు. మా నాన్న చక్కెర మిల్లులో పనిచేసేవారు. నా బడి బూట్లు, మా అక్క పెళ్లి, అన్నీ ఆ ధర మీదే నడిచాయి.

తరువాత బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. యూరప్ తను మాట ఇచ్చిన హద్దు దాటి, సబ్సిడీ ఇచ్చి చక్కెరను బయట అమ్ముతోందని వాటి వాదన. అది తప్పుడు ఫిర్యాదని నేను అనలేను. అక్కడ కూడా చెరకు కొట్టేవాళ్లున్నారు. 2005లో తీర్పు వాళ్ల వైపే వచ్చింది. యూరప్ తన చక్కెర విధానం మార్చుకుంది. మన ముడి చక్కెర ధర టన్నుకు 523.70 యూరోల నుంచి నాలుగేళ్లలో 335.20కి దిగింది.

లోమే కాగితంలో గడువు తేదీ లేదు. కానీ రెండేళ్ల ముందు చెప్పి మానుకోవచ్చని ఒక షరతు ఉంది. యూరప్ 2007లో చెప్పింది, 2009లో ఒప్పందం ‘రద్దు’ అయింది. ఈ ‘రద్దు’ మాట కూడా రాసుకోండి. మన ముత్తాతల చేతిలో ఆ వీలు లేదు. గడువు తీరకుండా తోట వదిలిపోతే జైలు.

ఇప్పటికీ యూరప్‌లో మన చక్కెరకు సుంకం లేదు. ఖాయం ధర మాత్రం పోయింది. ఆ ఏళ్లలో మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. నాన్న తరువాత అదే మిల్లులో చేరిన మా అన్నయ్యను కొంత డబ్బు, చిన్న స్థలం ఇచ్చి పంపారు. ఆ స్థలంలో ఇప్పుడు వంకాయలు వేస్తున్నాడు. మిల్లు సైరన్ మోగే వేళకి ఈనాటికీ లేచి కూర్చుంటాడు.

ఇంటిపని: మీ ఇంట్లో పెద్దవాళ్లను తెలుగులోనే అడగండి, “మన దగ్గరి మిల్లు ఎప్పుడు మూశారు? అప్పుడు మీరేం చేశారు?” జవాబు మూడు వాక్యాల్లో రాసి పంపండి. తప్పులున్నా ఫరవాలేదు, నేను దిద్దుతాను.